గృహవిజ్ఞానము: త్వరయు నిదానమును

వంటయింట దినదినము మనము చేయు పనులలో సగము కాలముతోడి పోరాటమే. పప్పు త్వరగా ఉడుకవలయును. పాలు త్వరగా విరుగరాదు. పెరుగు తెల్లవాఱునప్పటికి తోడుకొనవలయును. తోడుకొన్న పెరుగు మధ్యాహ్నమునకే పులిసిపోరాదు. ఇడ్లీపిండి పొంగవలయును, పొంగిన పిండి చెడరాదు. ఒకదానిని తొందరపెట్టుట, వేఱొకదానిని నిలిపి యుంచుట, ఈ రెండును ఎఱిగిన యామెయే నేర్పరియైన గృహిణి. ఈ నేర్పునే శాస్త్రజ్ఞులు రసాయనిక చర్యల వేగమను పేర పరిశోధించి గొప్ప గ్రంథములు వ్రాసియున్నారు. ఈ మాసము మేము ఆ విషయమును మీతో ముచ్చటింపదలచితిమి. ఇది వంటయింటికి మాత్రమే చెందినది కాదు. పసిబిడ్డ మందుసీసాకును, ఇంటిలోనివారి ప్రాణములకును చెందినదని చివరవఱకు చదివినవారికి తెలియగలదు.

హైదరాబాదు నగరమునకు తూర్పుభాగమున ఉప్పలు, నాచారములలో నివసించు సోదరీమణులకు ఈ శాస్త్రము పొరుగింటి చుట్టము వంటిది. తార్నాకనుండి ఉప్పలునకు పోవు త్రోవలోనే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యున్నది. 1944 లో హైదరాబాదు సంస్థాన ప్రభుత్వము దానిని వైజ్ఞానిక, పారిశ్రామిక పరిశోధనలకై నెలకొల్పినది. 1956 లో అది కేంద్రప్రభుత్వ పరిశోధన మండలి చేతికి వచ్చి ప్రాంతీయ పరిశోధనాలయమైనది. 1989 లో నేటి పేరు దాల్చినది. అచట 1985 మొదలు 1995 వఱకు అధ్యక్షులుగా నుండిన డాక్టరు ఎ.వి. రామారావుగారు పదవీవిరమణానంతరము నాచారములో అవ్రా లేబరేటరీస్ అను పరిశోధనశాలను స్థాపించిరి. ఎయిడ్స్ రోగులకిచ్చు జైడోవుడీన్ అను మందును మన దేశముననే తయారుచేయు పద్ధతిని వారు ఆ సంస్థలో నుండగనే రూపొందించిరి. ఒక మందు పుట్టవలెనన్న ఎన్నియో మెట్లు ఎక్కవలయును. ప్రతి మెట్టునను కావలసిన చర్య త్వరగా జరుగవలయును, అక్కఱలేని చర్య నిదానింపవలయును. మనము పొయ్యికడ చేయునదియు నిదియే గదా! వారి గాజుపాత్రలకును మన గిన్నెలకును న్యాయము ఒక్కటే.

ఆ న్యాయమేమో చూతము. పదార్థములన్నియు కంటికి కానరాని అణువులచే నిర్మితములు. ఒక పదార్థము మఱియొకదానితో కలిసి క్రొత్త పదార్థము కావలెనన్న వాని అణువులు ఒకదానినొకటి ఢీకొనవలయును. ఊరక తగిలిన చాలదు. తగినంత ఊపుతో తగులవలయును. ప్రతి చర్యకును ముందొక గట్టున్నట్లు భావింపుడు. గట్టు దాటగల ఊపున్న అణువులే మాఱును; తక్కినవి తగిలి మరలిపోవును. కావున ఏ చర్యనైనను తొందరపెట్టుటకు మార్గములు కొన్నియే: అణువుల కూపునిచ్చుట, వానిని గుంపుగూర్చుట, అవి తగులుకొను తావును పెంచుట, గట్టునే తగ్గించుట. నిదానింపజేయవలెనన్న వీనికి విరుద్ధముగా చేయవలయును. ఇంతకుమించిన రహస్యము లేదు.

మొదటిది వేడిమి. వేడిమి హెచ్చినకొలది అణువుల ఊపు హెచ్చును. సామాన్యముగా 10 డిగ్రీల వేడిమి పెరిగిన చర్యవేగము సుమారు రెండింతలగునని ఒక మోటలెక్క కలదు. ప్రతి చర్యకును ఇది సరిగా పొసగదు గాని మన యింటిపనులకు మంచి కొలబద్ద. మూతలేని గిన్నెలో నీరు 100 డిగ్రీలకే మరుగును. ఎంత మంట పెట్టినను అంతకు మించి కాగదు, ఆవిరిగా పోవును. కుక్కరులో ఆవిరి బయటికి పోనందున ఒత్తిడి పెరిగి నీరు సుమారు 120 డిగ్రీలవఱకు కాగును. 20 డిగ్రీలనగా రెండు పదులు. రెండింతలకు రెండింతలు, నాలుగింతల వేగము! గంటసేపు ఉడుకవలసిన పప్పు పావుగంటలో ఉడుకుటకు కారణమిది. మఱియొక మాట. గిన్నెలో నీరు ఒకసారి మరిగిన పిమ్మట మంట పెంచినను పప్పు త్వరపడదు. గ్యాసు మాత్రము వ్యయమగును. కుక్కరు మొదటి కూత వేసిన తరువాత మంట తగ్గింపుమని పెద్దలు చెప్పుటయు అందులకే.

అట్లయినను కొన్ని యిండ్లలో కుక్కరున్నను పప్పు పలుకుగానే యుండును. దోషము పప్పుది కాకపోవచ్చును, నీటిది కావచ్చును. బోరునీటిలో సున్నపుసత్తువ హెచ్చుగా నుండును. పప్పుగింజలోని కణములను జిగురువంటి పదార్థమొకటి అంటించి యుంచును. ఆ జిగురు కరగిననే గింజ మెత్తబడును. సున్నపుసత్తువ ఆ జిగురును గట్టిపఱచును. చింతపండుపులుసు సైతము దానిని కరగనీయదు. కావుననే పప్పు మెత్తబడిన పిమ్మట చింతపండు వేయవలెనని మన అమ్మమ్మలు చెప్పిరి. వంటసోడా చిటికెడు వేసిన పప్పు త్వరగా ఉడుకుమాట నిజమే. కాని పప్పులోని బి విటమినులలో ముఖ్యమైన థయమీను దానివలన నశించును. త్వరకై సత్తువను పోగొట్టుకొనుట లాభము కాదు. పప్పును ముందుగా నానవేసి, వడపోసిన మంచినీటితో ఉడికించుట మేలు.

పెరుగు విషయము కొంచెము వేఱు. పాలను పెరుగుగా మార్చునవి తోడులోని సూక్ష్మజీవులు. వానికి గోరువెచ్చదనము ప్రీతి. చలికాలమున పాలు చల్లబడి అవి మందగించును. కావుననే గిన్నెకు దుప్పటి చుట్టుదుము, బియ్యపుడబ్బాలో నుంతుము. అంతమాత్రమున మరుగుచున్న పాలలో తోడు వేసిన పెరుగు త్వరగా కాదు. ఆ జీవులే చచ్చును. వేడిమి త్వరపఱచునన్న న్యాయమునకు ప్రాణము గలవానియందు ఒక హద్దు కలదని దీనివలన తెలిసికొనవలయును. వేసవిలో తోడు కొంచెము తగ్గించి, తోడుకొనగనే ఫ్రిజ్జులో నుంచిన పులుపు నిలిచిపోవును.

రెండవది తావు. పెద్ద మొద్దునకు అగ్గిపుల్ల అంటించిన రాజదు. దానినే పుల్లలుగా చీల్చిన భగ్గుమనును. కఱ్ఱ అదియే, గాలి తగులు తావు మాత్రము పెరిగినది. ఉప్పుకల్లుకంటె పొడి ఉప్పు త్వరగా కరగుటయు, దంచిన మిరియాలు త్వరగా ఘాటునిచ్చుటయు ఇట్టివే. ఇందులో నొక అపాయమును కలదు. గోధుమపిండి కుప్పగా నున్నప్పుడు మంట పెట్టినను సరిగా అంటుకొనదు. ఆ పిండియే గాలిలో దుమ్ముగా లేచియున్నచో ప్రతి రేణువు చుట్టును గాలియే గాన, ఒక్క నిప్పురవ్వకు అంతయు ఒక్కక్షణమున కాలి ప్రేలును. 1785 డిసెంబరు 14వ తేదీన ఇటలీలోని టూరిన్ నగరమున ఒక రొట్టెలవాని పిండికొట్టులో ఇట్లే జరిగెను. పిండిని త్రవ్వుచుండిన కుఱ్ఱవాడు ముఖమును చేతులును కాలి గాయపడెను. సమీపమున వెలుగుచుండిన దీపమే కారణము. పిండిగిర్నిలో దీపము, బీడీ కూడదనుట ఊరక భయపెట్టుట కాదు. పొయ్యి వెలుగుచుండగా దాని ప్రక్కన పిండి జల్లించుట మన యింటను తగదు.

మూడవది గుంపు. ఆదివారము తెల్లవాఱుజామున ఉప్పల్ రింగురోడ్డు కూడలిలో నడచినవారికి భుజము తగులువారుండరు. సాయంకాలము కచేరీలు విడిచిన వేళ అడుగునకొకరు తగులుదురు. అణువులును అంతే. ఎంత దట్టముగా నున్నవో అంతగా ఢీకొనును. కుంపటిని విసనకఱ్ఱతో విసరిన నిప్పులెఱ్ఱబడుట ఆమ్లజని హెచ్చుగా చేరుటవలననే. మూకుడులో నూనె అంటుకొన్నప్పుడు దీనికి విరుద్ధముగా చేయవలయును: పొయ్యి కట్టి, మూకుడుపై మూత బోర్లించిన గాలి అందక మంట ఆఱును. నీరు ఎన్నడును పోయరాదు. నీరు నూనె క్రిందికి దిగి ఒక్కసారి ఆవిరియై, కాలుచున్న నూనెను చుట్టును చిమ్మును. నూనెకు తావు పెరిగి మంట పదింతలగును.

నాలుగవదియు మిక్కిలి వింతయైనదియు నగునది ఉత్ప్రేరకము. ఇది గట్టునే తగ్గించు వస్తువు. తాను చర్యలో పాల్గొని, పని ముగిసిన పిమ్మట తాను తానుగా మిగులును. ఉప్పలు కూడలి రద్దీలో చిక్కుకొని తార్నాక చేరుటకు ఎంత సేపు పట్టునో మీరెఱుగుదురు. 2017 లో మెట్రోబండి వచ్చిన నాటినుండి అదే ఆడుబిడ్డ, అదే సంచితో, పైత్రోవను సుఖముగా చేరుచున్నది. బండి ఆమెను మార్చలేదు, బండియు అరిగిపోలేదు, వేఱొక త్రోవ చూపినది. ఉత్ప్రేరకము చేయునదియు సరిగా ఇంతియే.

పంచదారపాకములో మీరు రెండు చుక్కల నిమ్మరసము పిండుదురు గదా! పాకము గడ్డకట్టి పలుకులు తేలకుండుటకని మాత్రమే ఎఱుగుదురు. నిమ్మపులుసు అచట ఉత్ప్రేరకము. అది పంచదార అణువును రెండు చిన్న చక్కెరలుగా విడగొట్టుటను త్వరపఱచును. ఆ రెండును కలిసియున్న పాకము సులభముగా పలుకు కట్టదు. 1850 లో విల్‌హెల్మీ అను జర్మను శాస్త్రజ్ఞుడు రసాయనచర్య వేగమును మొట్టమొదట లెక్కగట్టి కొలిచినది ఈ చర్యనే. మన గులాబుజామూను గిన్నెలోని పనియే ఒక శాస్త్రమునకు నాంది యైనది!

ఉత్ప్రేరకమను భావమునకు 1835 లో పేరు పెట్టినవాడు స్వీడను దేశస్థుడైన బెర్జీలియసు. కాని అంతకు 41 ఏండ్ల ముందే, 1794 లో, ఎలిజబెత్ ఫుల్‌హేమ్ అను నొక స్త్రీ లండనులో దహనమును గూర్చి గ్రంథము ప్రకటించినది. బట్టలపై బంగారు, వెండి పూతలు పూయు ఉపాయమును వెదకుచు ఆమె ప్రయోగములకు పూనుకొనెను. అది అసాధ్యమని భర్తయు మిత్రులును అనిరి. ఆమె మానలేదు. అనేక చర్యలు జరుగుటకు నీరు అవసరమనియు, ఆ నీరు చర్యాంతమున తిరిగి ఏర్పడుననియు ఆమె చూపెను. ఉత్ప్రేరకమనగా నిదియే గదా! అమెరికాలోని ఫిలడెల్ఫియా రసాయనసంఘము ఆమెను గౌరవసభ్యురాలిగా ఎన్నుకొనెను. నీళ్లతోను బట్టలతోను పని చేయు స్త్రీకి శాస్త్రమెందుకని అడుగువారికి ఇంతకంటె సమాధానము వలయునా?

మన శరీరమునందును, కూరగాయలయందును ఉండు ఉత్ప్రేరకములకు ఎంజైములని పేరు. వానిని చూడదలచినవారు పిల్లలను కూర్చుండబెట్టుకొని ఈ ప్రయోగము చేయవచ్చును. గాయములు కడుగుటకు మందులషాపులో అమ్మెడు హైడ్రోజన్ పెరాక్సైడును మూడు గాజుగ్లాసులలో కొంచెము కొంచెము పోయుడు. మొదటిదానిలో పచ్చి బంగాళాదుంపముక్కను, రెండవదానిలో అంతియే దుంపను తురిమియు, మూడవదానిలో బాగుగా ఉడికించిన ముక్కను వేయుడు. పచ్చిముక్క చుట్టును నురుగు లేచును, అది ఆమ్లజని. తురుము మఱింత త్వరగా పొంగును. తావు పెరిగినది గదా. ఉడికిన ముక్క మాత్రము మిన్నకుండును. వేడిమిచే ఎంజైము నశించినది. ఆ ద్రవము కన్నులలో పడకుండ పెద్దలు దగ్గర నుండవలయును, త్రాగరాదు, పిదప పాఱబోయవలయును.

ఇక నిదానింపజేయు విద్య. తరిగిన వంకాయ ముక్కలు నల్లబడుట గాలిలోని ఆమ్లజనియు, కాయలోని ఎంజైమును కలిసి చేయు పని. ఉప్పునీటిలో వేసినచో గాలి తగులదు, ఉప్పు ఎంజైమును అణచును. అరటికాయ ముక్కలను మజ్జిగనీటిలో వేయుటయు అట్టిదే; పులుపు ఎంజైమునకు సరిపడదు. ఆవకాయపై నూనె తేలియుండవలెననుట గాలి సోకకుండుటకు. నూనె కారువాసన వేయుటకు గాలి, వెలుతురు, వేడిమి మూడును కారకములే. కావున పొయ్యి ప్రక్కనున్న కిటికీలో గాజుసీసా నుంచరాదు. సగము ఖాళీయైన పెద్ద డబ్బాలోకంటె నిండుగా నున్న చిన్న సీసాలో నూనె యెక్కువ దినములు నిలుచును.

ఇంతవఱకు చెప్పినది రుచికి సంబంధించినది. ఇప్పుడు చెప్పబోవునది ప్రాణమునకు సంబంధించినది. మందుబిళ్లల అట్టపై గడువుతేదీ యుండును. రెండేండ్లు నిలుచునని మందు పుట్టిననాడే ఎట్లు తెలియునని ఎన్నడైనను ఆలోచించితిరా? మందు కాలక్రమమున విడిపోవుటయు నొక రసాయనచర్యయే. దాని నిదానమును తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు దానిని తొందరపెట్టుదురు. 40 డిగ్రీల వేడిమిలో, గాలిలో తేమ నూటికి 75 పాళ్లుండగా, మందును ఆఱు నెలలు గదిలో నుంచి అప్పుడప్పుడు పరీక్షింతురు. దానితోపాటు సామాన్యమైన వేడిమిలోను సంవత్సరములకొలది నుంచి సరిచూతురు. ఈ రెండింటివలన గడువు నిర్ణయమగును.

దీనివలన మనము గ్రహింపవలసినదేమి? అట్టపై వ్రాసిన గడువు, అట్టపై వ్రాసిన వేడిమిలో నుంచినవారికే. మే నెలలో హైదరాబాదు ఎండ 40 డిగ్రీలు దాటుచుండును. మూసియున్న మోటారుకారులో అంతకంటెను హెచ్చు. ఫ్రిజ్జు నెత్తిమీద, పొయ్యి పైనున్న అరలో, ఎండ పడు కిటికీలో మందులనుంచినచో, తేదీ మిగిలియున్నను గుణము మిగులకపోవచ్చును. స్నానాలగదిలోని తేమయు శత్రువే. ఆస్పిరిన్ బిళ్లల సీసా మూత తీయగనే వెనిగరువాసన వచ్చినచో ఆ బిళ్ల తేమచే విడిపోవుచున్నదని అర్థము. ఇన్సులిన్ వాడువారు తెఱవని సీసాలను ఫ్రిజ్జులో 2 మొదలు 8 డిగ్రీలలో నుంచవలయును. అది మంచుగా గడ్డకట్టినచో మాత్రము పనికిరాదు.

తల్లులకు మఱియొక ముఖ్యమైన మాట. బిడ్డల జ్వరమునకు వైద్యులిచ్చు యాంటీబయాటిక్ మందులు కొన్ని పొడిగా సీసాలో వచ్చును. ఇంటిలో నీరు కలుపుకొనవలయును. నీరు కలుపనంత వఱకు అది నెలలతరబడి నిలుచుటకు కారణము, పొడిలో అణువులు కదలలేవు, నీటితోడి చర్యయు లేదు. నీరు కలిపిన క్షణమునుండి విడిపోవుట ఆరంభమగును. అందుకే కొన్నింటిని ఏడు దినములలో వాడి పాఱవేయుమని సీసాపై వ్రాసియుందురు. మిగిలినదిగదాయని అటకపై దాచి, మూడు నెలల పిమ్మట తమ్మునికి జ్వరము వచ్చినప్పుడు అదే సీసానుండి పోయుట పొదుపు కాదు. బలము తఱిగిన మందు జ్వరమును తగ్గింపదు. రోగక్రిమి మాత్రము గట్టిపడును.

వేడిమి పుట్టించు చర్యలలో నొక ఘోరము కలదు. చర్యవలన వేడిమి పుట్టును. ఆ వేడిమి చర్యను త్వరపఱచును. త్వరవలన మఱింత వేడిమి. చల్లబఱచు దిక్కు లేనిచో అది కళ్లెము తెంపుకొన్న గుఱ్ఱమగును. 2020 మే 7వ తేదీ వేకువజామున విశాఖపట్టణము శివారున ఆర్.ఆర్. వెంకటాపురమునొద్ద ఎల్.జీ. పాలిమర్స్ కర్మాగారములో జరిగినది ఇదియే. స్టైరీను అను ద్రవము ఒక పెద్ద తొట్టిలో నిలువయుండెను. దాని అణువులు తమంతట తాము గొలుసులుగా కలిసికొనును. కలిసినపుడెల్ల వేడిమి పుట్టును. దానిని నిదానింపజేయుటకు నిరోధకమను మందు కలుపవలయును, తొట్టిని చల్లగా నుంచవలయును. నిరోధకము చాలకపోవుటయు, చల్లబఱచు ఏర్పాటు సరిగా లేకపోవుటయు కారణములని ప్రభుత్వము నియమించిన సంఘము తేల్చినది. ఆవిరి ఊరిపై క్రమ్మి పండ్రెండుమంది మరణించిరి. నిద్రలోనున్న బిడ్డలను చంకనెత్తుకొని తల్లులు పరుగెత్తిరి. రసాయనచర్య నిదానము మానవుల జాగ్రత్తపై ఆధారపడియుండుననుటకు ఇంతకుమించిన పాఠము లేదు. నాచారము వంటి పారిశ్రామికవాడల కెదురుగా కాపురముండు మనము, సమీపమున ఏమి నిలువయున్నది, అపాయసూచన ఎట్లు వినవచ్చును, ఎటు పోవలయునని అడిగి తెలిసికొనుట మన హక్కు. సిగ్గుపడవలసిన పని కాదు.

మన యింటను అట్టి చిన్న తొట్లు లేకపోలేదు. పాయిఖానా కడుగు యాసిడును బ్లీచింగుపొడితో ఎన్నడును కలుపరాదు. రెండును కలిసిన క్షణముననే ఊపిరాడనీయని క్లోరిన్ వాయువు పుట్టును. ఒకదానితో కడిగి నీరు బాగుగా పోసిన పిమ్మట, వేఱొక దినమున రెండవదానిని వాడవలయును. పనిమనిషికిని ఈ మాట చెప్పియుంచవలయును. ఆమె ప్రాణమును మన ప్రాణము వంటిదే.

సోదరీమణులారా! ఈ దినముననే మీ మందులపెట్టెను దించి చూడుడు. ఎండ తగులు తావునున్నచో చల్లని అలమారకు మార్పుడు. నీరు కలిపిన సీసాలపై కలిపిన తేదీని వ్రాయుడు. గడువు తీఱినవానిని వేఱు చేయుడు. ఇందులకు అరగంటకు మించి పట్టదు. త్వరపడవలసిన పని ఏదో, నిదానింపవలసినది ఏదో తెలిసిన యింట అన్నమును ఆరోగ్యమును రెండును నిలుచును.